కొంచెం బేసు తగ్గించు

మూడు లాంతర్ల దగ్గర మా మైకుసెట్టు కొట్టు.
నాన్న పెట్టాడు, బాకా గొట్టాల రోజుల్లో.
పెళ్లికైనా చావుకైనా
పార్టీ మీటింగుకైనా పైడితల్లి జాతరకైనా
అవే రెండు పెట్టెలు, అదే యాంప్లిఫయరు.
మారేదల్లా నా వేళ్ల కింద గుండ్రటి మీట.

నెల్లిమర్ల మిల్లు కాలనీలో
"బేసు పెంచన్నా, గుండెల మీద గుద్దీయాల!" అంటారు.
శనివారం సాయంత్రం సభ హాల్లో
విశ్వపతి గారు రెండు వేళ్లతో గాలిని నొక్కుతారు:
"కొంచెం బేసు తగ్గించు నాయనా,
చెవికి మోటుగా ఉంది."
ముప్పయ్యేళ్లుగా ఆయన నోట నా పేరు నాయనే.

ముప్పయ్యేళ్లుగా నేను నేర్చుకున్న సంగీతం కూడా ఇంతే:
జీతం పెరిగేకొద్దీ బేసు తగ్గుతుంది.

హాల్లో నా చోటు స్తంభం వెనక.
అక్కణ్ణించి పాడేవాళ్ల మొహాలు కనపడవు,
ముందు వరస చేతులు కనపడతాయి.
తొడల మీద పడే ఆ చేతుల్లో
నిజంగా తాళం తెలిసినవి నాలుగో ఐదో.
మిగతావి పక్క చేతిని చూసి పడతాయి,
అర రెప్పపాటు ఆలస్యంగా.
ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నేనెవర్ని?

ఒక్కసారి నోరు జారాను.
ఆ రోజు వయొలిన్ తీగ ఒకటి దిగిపోయి ఉంది,
హెడ్‌ఫోనులో పంటి కింద రాయిలా.
"శ్రుతి జారిందండీ" అన్నాను, వెళ్లి చెవిలో.
ఆయన నవ్వారు. చెడ్డగా కాదు,
పసివాడు పెద్ద మాటంటే నవ్వినట్టు.
"నువ్వు వైర్లు చూసుకో."
కాసేపటికి విద్వాంసుడే ఆగి
బిరడా తిప్పుకున్నాడు.
విశ్వపతి గారు నా వైపు చూడలేదు.

అలాగని వీధి నన్ను పాడనిచ్చిందా?
నాకొక రాగం ఇష్టం. పేరు తెలియదు,
అడగడానికి మొహమాటం.
వాన వెలిశాక పెంకు చివర నిలిచిన చుక్క
పడాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంటుంది.
వైర్లు చుట్టేటప్పుడు దానంతటదే నోట్లోకొస్తుంది.
వ్యాను మీంచి మా దాలినాయుడు అరుస్తాడు:
"ఏటన్నా, పంతులైపోనావేటి?
బేగి సుట్టు, అవతల డేన్సు బేబీలొచ్చీసినారు!"
మింగేస్తాను.
ఇంట్లో మా ఆవిడ ముందు కూడా.

పోయిన ఏడు సభకి వజ్రోత్సవం.
ఫ్లెక్సీ మీద "మన మూలాలు" అని వేయించి
అసిరయ్య జట్టుని తప్పెటగుళ్లకి పిలిచారు.
మా అమ్మ కన్నవారి ఊరి మనుషులు.
కొత్త చెక్క వేదిక గీతలు పడుతుందని
తివాచీ పరిచారు.
తివాచీ మీద అడుగు మోగదు.
అయినా గెంతారు,
ఒకడి భుజాల మీద ఒకడు, మూడంతస్తులు.
రొమ్ముకి కట్టిన తప్పెట మీద
అరచేతులు పడ్డప్పుడల్లా
కిటికీ అద్దాలు వణికాయి.

ముందు వరస ఫోన్లు పైకెత్తింది.
"ఎంత ఎనర్జీ! ఎంత సహజం!"
ఏడు దెబ్బల నడక ఐదుకి దూకి
మళ్లీ ఏడులో వచ్చి వాలడం
నా ముంజేతి వెంట్రుకలకి తెలిసింది.
అక్కడ ఒక్క చెయ్యీ తొడ మీద పడలేదు.
లెక్కపెట్టాల్సింది అందులో ఉందనే ఎవరూ అనుకోలేదు.

అప్పుడు విశ్వపతి గారు వెనక్కి తిరిగి
రెండు వేళ్లతో గాలిని నొక్కారు.

అసిరయ్య ముందు మైకే లేదు.
పెట్టబోతే "రొమ్ముకి మైకెందుకు బాబూ" అన్నాడు.
ఆ మోత నా పెట్టెల్లోంచి రావడం లేదు.
దాన్ని తగ్గించే మీట నా దగ్గర లేదు.
నాకు తెలిసి ఏ కొట్లోనూ దొరకదు.

అయినా చెయ్యి చాపి
దేనికీ తగలని ఒక మీటని
మెల్లగా ఎడమకి తిప్పాను,
ఆయన చూస్తుండగా.

ఒక క్షణం చెవి ఒగ్గి విన్నారు.
తృప్తిగా తల పంకించారు.
"ఆఁ... ఇప్పుడు హాయిగా ఉంది."

రాత్రి బిల్లు రాశాను.
పెట్టెలు రెండు. మైకు ఒకటి. వ్యాను బాడుగ.
తగ్గించిన బేసుకి
విడిగా ఏమీ వెయ్యలేదు.